డెస్క్‌టాప్‌కు పెట్టిన యూఎస్‌బీ వైఫై అడాప్టర్: వేగం 72 దగ్గరే ఆగుతోంది, కాసేపు వదిలేస్తే కనెక్షన్ తెగిపోతోంది

ప్రశ్న

నమస్కారం. నా డెస్క్‌టాప్ కంప్యూటర్ మదర్‌బోర్డులో వైఫై లేదు. రౌటర్ వేరే గదిలో ఉంది, అక్కడి నుంచి కేబుల్ లాగడం కుదరదు. అందుకని చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ ఒకటి తీసుకున్నాను. 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండింటిలోనూ పనిచేస్తుందని, 1200 మెగాబిట్ల వేగం ఇస్తుందని పెట్టె మీద ఉంది. కంప్యూటర్‌లో విండోస్ 11తో పాటు లినక్స్ కూడా ఉంది. దాని కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపే మూల భాగం) 5.15.

అడాప్టర్‌ను పోర్టులో పెట్టగానే వైఫై గుర్తు రాలేదు, ఒక సీడీ డ్రైవ్ ప్రత్యక్షమైంది. అందులోని సెటప్ ఫైలును నడిపిన తరువాత నెట్‌వర్కుల జాబితా కనిపించింది, పాస్‌వర్డ్ ఇస్తే కలిసింది కూడా. అయితే సెట్టింగ్స్‌లో లింక్ వేగం ఎప్పుడు చూసినా 72 మెగాబిట్లే ఉంటోంది. కంప్యూటర్‌ను కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే కనెక్షన్ పోతోంది. తిరిగి వచ్చినా ఒక్కోసారి ఇంటర్నెట్ లేదన్న హెచ్చరిక అలాగే నిలిచిపోతోంది. లినక్స్‌లోనైతే అడాప్టర్ ఉన్నట్టే తెలియడం లేదు. డ్రైవర్ మార్చాలా, లేక దీన్ని తిరిగి ఇచ్చేసి లోపల అమర్చే కార్డు కొనుక్కోవాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

మీరు చెప్పినవన్నీ ఒకే జబ్బు లక్షణాలు కాకపోవచ్చు కాబట్టి డ్రైవర్ మార్చడానికి తొందరపడకండి. కంప్యూటర్ పరికరాన్ని గుర్తిస్తోందా, దానికి సరైన డ్రైవర్ పడిందా, రౌటర్‌తో రేడియో బంధం ఎలా ఉంది, ఐపీ చిరునామా వస్తోందా అనే వరుసలో చూసుకుంటూ వెళితే ఎక్కడ తెగుతోందో తెలుస్తుంది.

సీడీ డ్రైవ్ కనిపించడం లోపం కాదు. కొత్త కంప్యూటర్‌లో ఇంటర్నెట్టే లేనప్పుడు డ్రైవర్‌ను ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్న చిక్కును తప్పించడానికి, ఇలాంటి అడాప్టర్లు మొదట తమను సీడీ డ్రైవ్‌గా చూపించుకుని, లోపల దాచిన సెటప్ ఫైలును ముందు పెడతాయి. డ్రైవర్ ఎక్కాక ఆ వేషం తీసేసి వైఫై పరికరంగా మారతాయి. చాలా అడాప్టర్లలో ఆ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ఎజెక్ట్ అన్నా ఈ మార్పు జరుగుతుంది. మీ లినక్స్ సమస్యకు మూలం కూడా బహుశా ఇక్కడే ఉంది: అక్కడ ఆ వేషం తీయించేవారు లేరు.

ఇక పెట్టె మీద రాసినదాన్ని పక్కన పెట్టి, లోపల ఏ చిప్ ఉందో చూడండి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద మీ పరికరాన్ని తెరిచి, డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ అన్నది ఎంచుకుంటే వీఐడీ, పీఐడీ అని నాలుగేసి అక్షరాల గుర్తులు రెండు కనిపిస్తాయి. మొదటిది తయారీదారుది, రెండవది ఆ ఉత్పత్తిది. ఒకే చిప్‌ను ఎన్నో పేర్లతో, ఎన్నో పెట్టెల్లో అమ్ముతారు కనుక డ్రైవర్ వెతికేటప్పుడు నమ్మదగినది ఈ గుర్తే. డ్రైవర్లను తామే వెతికి పెడతామని చెప్పుకునే ఉచిత ప్రోగ్రాముల జోలికి మాత్రం వెళ్లకండి. అవి తెచ్చిపెట్టే చెత్తను వదిలించుకోవడం అసలు పనికన్నా కష్టం.

72 అన్న అంకె కూడా ఒక ఆధారమే. 802.11ఎన్ అనే వైఫై పద్ధతిలో, 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్‌లో, ఒకే డేటా ధారతో (ఒకేసారి సమాంతరంగా సాగే రేడియో ప్రవాహాల్లో ఒక్కదానితో) అందే గరిష్ఠ లింక్ వేగం 72.2 మెగాబిట్లు. అంటే మీరు ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్‌లోనే అనుకోవచ్చు. అదే రెండు ధారల అడాప్టర్ అయితే అక్కడే 144 వరకూ చూపగలదు. 1200 అని అమ్మే అడాప్టర్‌కు రెండు ధారలు ఉండి తీరాలి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి, పైకి సవరించి 1200 అంటారు. రెండూ ఒకేసారి అందవన్నది వేరే సంగతి.

కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ అన్న ఆదేశం ఇచ్చి ఛానెల్, సిగ్నల్ శాతం చూడండి. చివరి పదాన్ని డ్రైవర్స్‌గా మార్చి మళ్లీ ఇస్తే, ఆ డ్రైవర్ ఏయే రేడియో రకాలకు పనికివస్తుందో చూపిస్తుంది. హెచ్చరిక వచ్చిన సమయంలో ఐపీకాన్ఫిగ్ ఇచ్చి చిరునామా ఎలా ఉందో చూడండి. హార్డ్‌వేర్ గుర్తుతో పాటు ఈ వివరాలు ఇక్కడ పెడితే ముందుకు వెళ్లవచ్చు.

ప్రశ్న అడిగినవారు

శ్రమ తీసుకుని వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. వీఐడీ 0బీడీఏ, పీఐడీ సీ811 అని ఉంది. ఛానెల్ 6, సిగ్నల్ 58 శాతం. డ్రైవర్ల జాబితాలో 802.11ఏసీ (5 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే వైఫై పద్ధతి) కూడా కనిపిస్తోంది. హెచ్చరిక వచ్చినప్పుడు చిరునామా 169.254తో మొదలవుతోంది. రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంది. అడాప్టర్‌ను క్యాబినెట్ వెనక నీలిరంగు యూఎస్‌బీ పోర్టులో పెట్టాను. దాని పక్కనే బయటి హార్డ్ డిస్క్ ఉంటుంది. క్యాబినెట్ బల్ల కింద, గోడకు ఆనించి ఉంది.

సమాధానం 2

0బీడీఏ అంటే రియల్‌టెక్. సీ811 అన్నది ఆర్‌టీఎల్8811సీయూ చిప్‌ది. ఈ చిప్ రెండు బ్యాండ్లలోనూ పనిచేస్తుంది కానీ ఒకే ధారది. 5 గిగాహెర్ట్జ్‌లో 80 మెగాహెర్ట్జ్ ఛానెల్ దొరికితే గరిష్ఠంగా 433 మెగాబిట్ల లింక్ ఇస్తుంది. రెండు బ్యాండ్ల వేగాలు కలిపి 600 అని చెప్పుకునే ఏసీ600 తరగతి అంటే ఇదే. కాబట్టి మీ చేతిలో ఉన్నది పెట్టె మీద చెప్పిన వస్తువు కాదు. చిప్ తన పని తాను సరిగానే చేస్తోంది. అబద్ధం చెప్పింది పెట్టె. దీన్ని ఏ డ్రైవరూ 867కు తీసుకెళ్లలేదు.

అయితే 72 నుంచి 433కు వెళ్లడం మాత్రం మీ చేతిలోనే ఉంది. రెండు బ్యాండ్లకూ ఒకే పేరున్నప్పుడు దేన్ని పట్టుకోవాలో అడాప్టరే నిర్ణయించుకుంటుంది, సిగ్నల్ బలంగా కనిపించే 2.4 వైపే సాధారణంగా మొగ్గుతుంది. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ప్రిఫర్డ్ బ్యాండ్ అన్న అంశం ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. అన్ని డ్రైవర్లలోనూ అది ఉండదు. లేకపోతే రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టడం నిశ్చింత. అప్పటికీ ఆ పేరు జాబితాలో కనిపించకపోతే రౌటర్ ఏ ఛానెల్‌లో ఉందో చూడండి. 52 నుంచి 144 వరకూ ఉన్న ఛానెళ్లు వాతావరణ రాడార్ల వంటివాటితో పంచుకోవలసినవి, ఆ ఛానెళ్లను పట్టించుకోని అడాప్టర్లు ఉన్నాయి. 36కు మార్చి చూడవచ్చు. రౌటర్ భద్రతను డబ్ల్యూపీఏ3కి మాత్రమే పరిమితం చేసి ఉంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన పద్ధతికి మార్చడం మంచిది.

కనెక్షన్ తెగడం వేరే కథ. 169.254తో మొదలయ్యే చిరునామాను రౌటర్ ఇవ్వదు. డీహెచ్‌సీపీ (రౌటర్‌లో చిరునామాలు పంచే సేవ) నుంచి జవాబు రాకపోతే విండోస్ తనకు తానే వేసుకునే చిరునామా అది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే ఇలా జరుగుతోందన్నారు కనుక, విద్యుత్తు ఆదా కోసం విండోస్ అడాప్టర్‌ను నిద్రపుచ్చుతోందని, లేచాక రౌటర్‌తో సంభాషణ సరిగా మొదలవడం లేదని అనుమానించవచ్చు. డివైస్ మేనేజర్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ తెరిచి, విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి అనుమతించే గడిలో టిక్కు తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో అడ్వాన్స్‌డ్ సెట్టింగులకు వెళ్లి యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపేయండి. అక్కడే వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ కనిపిస్తే పవర్ సేవింగ్ మోడ్‌ను మ్యాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. డెస్క్‌టాప్‌లో బ్యాటరీ బెంగ లేదు కాబట్టి వీటివల్ల పోయేదేమీ లేదు.

ఆ తరువాత కూడా తెగుతుంటే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ అని ఇవ్వండి. గత 3 రోజుల్లో కనెక్షన్ ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఏ కారణం నమోదైంది అన్నది బ్రౌజర్‌లో చదువుకునే నివేదికగా తయారవుతుంది. ఇంత పనికొచ్చే సాధనం విండోస్‌లోనే ఉందని చాలామందికి తెలియదు.

సమాధానం 3

పైవారు సెట్టింగుల సంగతి చెప్పారు. నేను అడాప్టర్ ఉన్న చోటు గురించి చెబుతాను. విండోస్ లెక్కలో 100 శాతం అంటే మైనస్ 50 డీబీఎమ్ (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ), 0 శాతం అంటే మైనస్ 100. ఆ ప్రకారం మీ 58 శాతం మైనస్ 71 అవుతుంది. ఇది బలహీనమైన సిగ్నలే. ఇనుప క్యాబినెట్‌కూ గోడకూ మధ్య, బల్ల కింద అడాప్టర్‌ను పెట్టి మంచి సిగ్నల్ రావాలని కోరడం, బావిలో కూర్చుని వీధిలో మాటలు వినాలనుకోవడం లాంటిది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటడంలో 2.4 కన్నా బలహీనం కనుక బ్యాండ్ మార్చాక ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

దానికి తోడు పక్కనే హార్డ్ డిస్క్ ఉందన్నారు. యూఎస్‌బీ 3.0 పరికరాలు 5 గిగాబిట్ల వేగంతో పనిచేస్తున్నప్పుడు వెలువడే విద్యుదయస్కాంత రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోకి చొరబడుతుంది. ఇంటెల్ సంస్థ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. మీ హార్డ్ డిస్క్ యూఎస్‌బీ 3.0ది అయితే, ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడు వైఫై మందగిస్తోందేమో గమనించండి. మీ చిప్ ఎలాగూ యూఎస్‌బీ 2.0దే కాబట్టి నీలిరంగు పోర్టువల్ల దానికి అదనంగా వచ్చే లాభం లేదు. ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసుకుని నల్ల పోర్టుకు తగిలించి, అడాప్టర్‌ను బల్ల మీదకు, రౌటర్ వైపుకు తెచ్చి పెట్టండి. ఇంత చవకగా ఇంత తేడా తెచ్చే మార్పు మరొకటి లేదు. నేనైతే సెట్టింగుల కన్నా ముందు ఇదే చేసేవాణ్ని.

ప్రశ్న అడిగినవారు

రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టాను. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో అడాప్టర్‌ను బల్ల మీదకు తెచ్చాను. ఇప్పుడు లింక్ 433 చూపిస్తోంది, సిగ్నల్ 80 శాతం దాటింది. విద్యుత్తు సెట్టింగులు మార్చిన తరువాత రాత్రంతా వదిలేసినా తెగలేదు. ఇక మిగిలినవి లినక్స్ సంగతీ, దీన్ని ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయమూ. 1200 అని చెప్పి 600 రకం అంటగట్టినందుకు అమ్మినవారి మీద కోపంగానే ఉంది.

సమాధానం 4

లినక్స్ సంగతి: టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని ఇచ్చి చూడండి. 0బీడీఏ:1ఏ2బీ కనిపిస్తే అడాప్టర్ ఇంకా సీడీ వేషంలోనే ఉంది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అన్న ప్యాకేజీని స్థాపిస్తే అది పరికరాన్ని వైఫై రూపానికి మారుస్తుంది, అప్పుడు గుర్తు సీ811 అవుతుంది. అయినా 5.15 కెర్నెల్‌లో ఈ చిప్‌కు యూఎస్‌బీ డ్రైవర్ లేదు. కెర్నెల్‌లోనే ఉండే ఆర్‌టీడబ్ల్యూ88 అనే రియల్‌టెక్ డ్రైవర్‌కు యూఎస్‌బీ మద్దతు 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2 కెర్నెల్‌తో మొదలైంది, మీ చిప్ కుటుంబం అందులో ఉంది.

బయటి డ్రైవర్‌ను డీకేఎంఎస్‌తో (కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ తయారుచేసే సాధనం) కంపైల్ చేసుకునే మార్గమూ ఉంది. కానీ సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రాములను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే ఆ మాడ్యూల్‌కు సంతకం చేసి, ఆ తాళంచెవిని ఫర్మ్‌వేర్‌లో నమోదు చేయాలి. కెర్నెల్ మారినప్పుడల్లా కంపైల్ సజావుగా సాగుతుందన్న నమ్మకమూ లేదు. నా సలహా కొత్త కెర్నెల్‌కు మారమనే. 6.2 తొలి రోజుల్లో ఈ యూఎస్‌బీ డ్రైవర్ కొంత మొరటుగా ఉండేది, కాబట్టి దానికన్నా తరువాతి కెర్నెల్ ఏది దొరికితే అది తీసుకోండి. డౌన్‌లోడ్‌కు ఇంటర్నెట్ కావాలి కదా అంటారేమో, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ వైఫైలో ఉన్నా ఆ ఇంటర్నెట్టే కంప్యూటర్‌కు అందుతుంది, లినక్స్‌లో దానికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు.

సమాధానం 5

ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇంటర్నెట్ ప్లాన్‌ను బట్టి ఉంటుంది. 433 అన్నది లింక్ వేగం. వాస్తవంగా చేతికి అందేది అందులో సగమో, ఇంకొంచెం ఎక్కువో ఉంటుంది. మీ ప్లాన్ 100 మెగాబిట్లదైతే ఈ అడాప్టర్ దానికి అడ్డు కాదు. 300 గానీ అంతకు మించి గానీ ఉంటే, లేదా ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పెద్ద ఫైళ్లు పంపుకుంటుంటే మార్చడమే మేలు. ఎటు చూసినా గడువు మించకముందే అమ్మినవారికి హార్డ్‌వేర్ గుర్తు స్క్రీన్‌షాట్‌తో ఫిర్యాదు పంపండి. పెట్టె మీద ఒకటి, లోపల ఇంకొకటి అనడానికి అంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

కార్డు కొనదలిస్తే మదర్‌బోర్డులో ఖాళీ పీసీఐఈ స్లాట్ (లోపలి కార్డులు అమర్చే గాడి) ఉందో లేదో ముందు చూసుకోండి. ఎక్స్1 (అతి పొట్టి స్లాట్ రకం) కార్డు పొడవైన స్లాట్‌లోనూ పడుతుంది. ఇంటెల్ చిప్‌లలో ఏఎక్స్210 మామూలు పీసీఐఈ రకం, ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది; ఏఎక్స్211 మాత్రం సీఎన్‌వీఐ రకం (వైఫై పనిలో కొంత భాగాన్ని ఇంటెల్ ప్రాసెసర్ లేదా చిప్‌సెట్‌కే వదిలేసేది), తగిన ఇంటెల్ ప్లాట్‌ఫామ్ లేనిదే పనిచేయదు, అంకె పెద్దదని దాన్ని కొనకండి. కార్డులో బ్లూటూత్ కూడా ఉంటే, దానికి మదర్‌బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కు చిన్న కేబుల్ విడిగా కలపాలి. అది మరిచిపోతే వైఫై వస్తుంది కానీ బ్లూటూత్ రాదు. యాంటెన్నాలు క్యాబినెట్ వెనకే ఉంటాయి కాబట్టి, పైన చెప్పిన చోటు సమస్య కార్డుకూ తప్పదు. పొడుగు తీగ ఉండి, బల్ల మీద నిలబెట్టుకునే యాంటెన్నా వచ్చే రకాన్ని ఎంచుకోండి.