కనువిప్పా, సాక్షాత్కారమా?

స్పానిష్ నవలల మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. దేవుడి ప్రమేయమేమీ లేకుండా మనిషికి ఒక్క క్షణంలో ఏదో తేటతెల్లమైతే దాన్ని తెలుగులో ఏమనాలి?

హవియేర్ సెర్కాస్ 2001లో అచ్చువేసిన 'సలామినా సైనికులు' నవలకు గుండెకాయ లాంటి ఘట్టం ఉంది. 1939 జనవరి 30. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఓడిపోతున్న రిపబ్లికన్లు (ఫ్రాంకో మీద పోరాడిన ప్రభుత్వ పక్షం) ఫ్రాన్స్ సరిహద్దు వైపు పోతూ, ఈశాన్య స్పెయిన్‌లోని కతలూన్యాలో కొల్యెల్ దగ్గర ఖైదీలను నిలబెట్టి కాల్చారు. ఫలాంజ్ అనే స్పెయిన్ ఫాసిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడైన రచయిత సాంచెస్ మాసాస్ తప్పించుకుని అడవిలో నక్కాడు. వెతుకుతూ వచ్చిన సైనికుడు అతని కళ్ళలోకి చూశాడు. అటునుంచి ఎవరో కేకేసి అడిగితే, చూపు తిప్పకుండానే "ఇక్కడెవరూ లేరు" అని అరిచి వెళ్ళిపోయాడు.

ఆ చూపులో ఉన్నది జాలి కాదు, ద్వేషమూ కాదు, అంతుచిక్కని సంతోషం అంటాడు రచయిత. అందుకే 'కనువిప్పు' నాకు నప్పలేదు. తప్పు చేసినవాడికి బుద్ధొస్తే కనువిప్పు అంటాం. ఈ కుర్రాడు ఏ తప్పు దిద్దుకున్నాడు? నా ఓటు 'సాక్షాత్కారం'కే.

దీని మీద మన చర్చలో ఒక సభ్యురాలు: సాక్షాత్కారం అనగానే దేవుడే గుర్తొస్తాడండీ. 'ఎరుక' అంటే సరిపోదా?

ఎరుక చక్కటి మాటేనండీ, నాకూ ఇష్టం. కానీ అది నెమ్మదిగా, లోలోపల కలిగేది. పైగా ఎరుక చెప్పడమంటే సోదె చెప్పడమనే అర్థమూ ఉందాయె. సాక్షాత్తు అన్నమాటను విడదీసి చూడండి: స, అక్ష. కళ్ళతో, కళ్ళెదుట అని. 'సాక్షి' పుట్టిందీ అక్కడే. దేవుణ్ణి అందులోకి తర్వాత మన భక్తి తెచ్చింది గానీ, మాటలో ఉన్నది కళ్ళే. ఆ అడవిలో జరిగింది కూడా రెండు జతల కళ్ళ మధ్యే కదా!

ఇంకొకరు: మరి ఆ సైనికుణ్ణి వీరుడనొచ్చా? అతను కాల్చనేలేదు కదా.

అనాలనే నా పట్టుదల. వీరుడంటే చంపినవాడో చచ్చినవాడో అని మనకు అలవాటైపోయింది. నవల చివర్లో కథకుడు ఫ్రాన్స్‌లోని దిజాన్‌లో ఉన్న ముసలి సైనికుడు మిరాయెస్‌ను వెతికి పట్టుకుని, ఆ కుర్రాడివి నువ్వేనా అని అడుగుతాడు. "కాదు" అంటాడాయన. ఆ 'కాదు'ను నమ్మాలో వద్దో నాకిప్పటికీ తేలలేదు.