లూథరన్ ఇంటి అమ్మాయి, మెథడిస్ట్ ఇంటి కోడలు: ఫిలడెల్ఫియాలో ఏ చర్చికి వెళ్లాలి?

ప్రశ్న:

అందరికీ వందనాలు. మాది గుంటూరు, ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి) కుటుంబం. మావారిది హైదరాబాద్, వాళ్లు మెథడిస్టులు. పోయిన నెలలోనే ఫిలడెల్ఫియా దగ్గరికి వచ్చాం. ఇంటికి దగ్గర్లో రెండు లూథరన్ చర్చిలు, ఒక యునైటెడ్ మెథడిస్ట్ చర్చి ఉన్నాయి. మార్చిలో బిడ్డ పుడుతుంది. బాప్తిస్మం ఎక్కడ ఇప్పించాలా అని రెండు ఇళ్లలోనూ టెన్షన్. మా అమ్మ "మన సంఘం వదలొద్దు" అంటోంది. అసలు ఈ రెండింటికీ తేడా ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు:

వందనాలమ్మా. నాదీ నీలాంటి కథే. పుట్టిల్లు రాజమండ్రి లూథరన్, అత్తిల్లు మెదక్. మెదక్ ఇప్పుడు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో ఉన్నా, అక్కడ పనిచేసి ఆ పెద్ద చర్చి కట్టించినవాళ్లు వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీలే. నేను ఈ దేశం వచ్చి 22 ఏళ్లయింది. రెండు రకాల ఆరాధనల్లోనూ కూర్చున్నాను.

ముందు బాప్తిస్మం సంగతి చెబుతా, మీ అమ్మగారి దిగులు కాస్త తగ్గుతుంది. రెండు సంఘాలూ పసిబిడ్డలకు బాప్తిస్మమిస్తాయి. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతోనే ఇస్తాయి. ఒక చోట ఇచ్చినదాన్ని రెండో చోట ఒప్పుకుంటారు, మళ్లీ ఇవ్వరు. బిడ్డ మెథడిస్ట్ చర్చిలో బాప్తిస్మం పొంది, రేపు గుంటూరు వచ్చి లూథరన్ సంఘంలో కూర్చున్నా ఏ లోటూ రాదు. బోధలో మాత్రం ఒత్తి చెప్పేది వేరు. ఆ నీళ్లలో వాక్యం ద్వారా దేవుడే పాపక్షమాపణ, విశ్వాసం ఇస్తాడని లూథరన్లు గట్టిగా చెబుతారు. మనకు ఊహ తెలియకముందే దేవుని కృప మన దగ్గరికి వచ్చేసింది, బాప్తిస్మం దానికి గుర్తు, ఇక బిడ్డను విశ్వాసంలో పెంచడం తల్లిదండ్రులదీ సంఘానిదీ అంటారు మెథడిస్టులు.

ఇక అసలు తేడా. అది తెలియాలంటే 1738 మే 24 రాత్రి జరిగింది తెలియాలి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అప్పటికే ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) గురువు. అమెరికాలోని జార్జియాలో చేసిన సేవ ఫలించక, మనసు విరిగి ఇంగ్లండు తిరిగొచ్చాడు. ఆ రాత్రి లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి వెళ్లాడు. అక్కడ ఎవరో బైబిల్లోని రోమా పత్రికకు మార్టిన్ లూథర్ (లూథరన్ సంఘాలకు మూలపురుషుడు) రాసిన ముందుమాట చదువుతున్నారు. అది వింటుండగా, క్రీస్తు నా పాపాలను, నా పాపాలనే తీసేశాడన్న నమ్మకం ఆయనకు కుదిరింది. అంటే అమ్మా, మీవారి సంఘంలో రాజుకున్న నిప్పు మీ సంఘం పొయ్యిలోంచి తెచ్చిందే! క్రియల వల్ల కాదు, విశ్వాసం ద్వారా కృప వల్లే నీతిమంతులమవుతామన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు.

ఆ తర్వాతి మాట దగ్గరే దారులు చీలతాయి. విశ్వాసి చనిపోయేదాకా ఒకేసారి నీతిమంతుడూ, పాపీ అని లూథర్ బోధ. అందుకే లూథరన్ ఆరాధన చాలాసార్లు పాపపు ఒప్పుకోలుతో మొదలవుతుంది, పాస్టరుగారు క్షమాపణ ప్రకటిస్తారు. వెస్లీ మాత్రం క్షమాపణతో కృప పని ఆగదన్నాడు. పరిశుద్ధతలో ఎదగాలి, దేవుని మీదా పొరుగువాడి మీదా ప్రేమ ఈ బతుకులోనే పరిపూర్ణం కాగలదని ఆశించాలి అన్నాడు. అందుకే చిన్న చిన్న గుంపులుగా కూడడం, ఖైదీలను, రోగులను చూడబోవడం వాళ్లకు విశ్వాసంలో భాగం. మా నాన్న ప్రసంగం విని వచ్చి "ఇవాళ సువార్త బాగా వినిపించారు" అని తృప్తిగా కూర్చునేవారు. మా మామగారు అదే ప్రసంగం విని "సరే, ఈ వారం ఎవరింటికి వెళ్దాం?" అనేవారు. నాకు ఇద్దరూ కావాలనిపించేది, ఇప్పటికీ అంతే.

నువ్వు వెళ్లగానే తేడా కంటికి కనబడేది బల్ల దగ్గర, అంటే ప్రభు భోజన సంస్కారం దగ్గర. రొట్టె, ద్రాక్షారసాల్లో క్రీస్తు శరీరం, రక్తం నిజంగా ఉన్నాయని లూథరన్ల విశ్వాసం. మెథడిస్టులు కూడా క్రీస్తు అక్కడ నిజంగా ఉన్నాడనే అంటారు, కానీ ఆత్మీయంగా, మర్మంగా అంటారు. లూథరన్లది సాధారణంగా పులిసిన ద్రాక్షారసం (వైన్), ప్రతి ఆదివారం ఇచ్చే చర్చిలు చాలా ఉన్నాయి. మెథడిస్టులది పులియని ద్రాక్షరసం, చాలాచోట్ల నెలలో మొదటి ఆదివారం. 1869లో న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అనే మెథడిస్ట్ పళ్ల డాక్టరు ద్రాక్షరసం పులియకుండా కాచి నిలవచేయడం కనిపెట్టింది ఈ బల్ల కోసమే. నేను మొదటిసారి ఆ రసం తాగిన రోజు, ఇది సంస్కారమేనా అని ఇంటికొచ్చి మావారిని అడిగాను, చాలాసేపు మనసు కుదుటపడలేదు. తర్వాత అలవాటైంది.

పాటల సంగతి నువ్వే చూస్తావు. మెథడిస్టులు జాన్ వెస్లీ తమ్ముడు చార్లెస్ వెస్లీ రాసిన పాటలు గొంతెత్తి పాడతారు. లూథరన్ ఆరాధనలో క్రమంలోని మాటలు కూడా రాగంతో నడుస్తాయి, మన గుంటూరు సంఘాల్లో పెరిగిన చెవికి అది వెంటనే తెలుస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 1842లో గుంటూరు చేరిన మిషనరీ ఫాదర్ హేయర్‌ను పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సినడే (సంఘాల సమాఖ్య). ఆ సినడ్ 1748లో ఫిలడెల్ఫియాలోనే పుట్టింది. హేయర్ చివరి రోజులు గడిపిందీ అక్కడే. మీవారికి కూడా అక్కడ వేరు ఉంది: 1769 నుంచి మెథడిస్టుల చేతిలో ఉన్న సెయింట్ జార్జ్ చర్చి ఆ ఊళ్లోనే ఉంది. ఒక శనివారం ఇద్దరూ కలిసి వెళ్లి చూడండి.

జవాబు (టెక్సాస్ నుంచి):

అక్క చెప్పినదానికి ఒక్క మాట కలుపుతున్నా, చెల్లెమ్మా. బోర్డు మీద "లూథరన్" అని ఉంటే చాలదు, కింద చిన్న అక్షరాలు చదవండి. ఈఎల్‌సీఏ (ఎవాంజెలికల్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా) అని ఉంటే, మన ఏఈఎల్‌సీలాగే లూథరన్ వరల్డ్ ఫెడరేషన్‌లోది. మిస్సోరి సినడ్ అని ఉంటే అది వేరే సంఘం. అక్కడ స్త్రీలు పాస్టర్లు కారు, బల్ల సాధారణంగా తమ బోధను ఒప్పుకున్నవాళ్లకే. అది వాళ్ల మనస్సాక్షికి సంబంధించిన విషయం కాబట్టి, వెళ్లేముందే పాస్టరుగారితో మాట్లాడండి. మెథడిస్టుల్లో కూడా ఈమధ్య చాలా సంఘాలు యునైటెడ్ మెథడిస్ట్ నుంచి విడిపోయాయి, 2022లో గ్లోబల్ మెథడిస్ట్ చర్చి మొదలైంది. అందుకే ఆ బోర్డు కూడా చూడండి.

ప్రశ్న:

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. చూశాను, ఒక లూథరన్ చర్చి ఈఎల్‌సీఏ, రెండోది మిస్సోరి. ఈఎల్‌సీఏలో మావారు బల్ల తీసుకోవచ్చా? నేను మెథడిస్ట్ చర్చిలో?

జవాబు:

నిశ్చింతగా తీసుకోండమ్మా. ఈఎల్‌సీఏ, యునైటెడ్ మెథడిస్ట్ 2009 నుంచి పూర్తి సహవాసంలో ఉన్నాయి, ఒకరి పాస్టరు ఇంకొకరి దగ్గర బల్ల ఇవ్వడానికి కూడా వీలుంది. ఈ ఆదివారం ఒకదానికి, వచ్చే ఆదివారం రెండోదానికి వెళ్లండి. ఆరాధన అయ్యాక వెంటనే బయల్దేరకండి, కింద హాల్లో కాఫీ ఇస్తారు, అక్కడ నిలబడి నలుగురితో మాట్లాడండి. మార్చిలో అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సివస్తే మీ ఇంటికి ఎవరు వస్తారో నీకు అక్కడే అర్థమవుతుంది. మీ ఇద్దరి బాప్తిస్మపు సర్టిఫికెట్లు, సంఘం నుంచి ట్రాన్స్‌ఫర్ లెటర్లు మాత్రం ఇప్పుడే తెప్పించుకోండి. క్రిస్మస్ దగ్గరపడితే అక్కడ అయ్యగార్లకు ఊపిరాడదు.