అవ్వ పెట్టెలో దొరికిన కార్డు: స్వర్ణముఖిలో నిజంగా అంత నీళ్ళుండేవా?

తిరుచానూరు_పిల్ల:
అవ్వ ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత బొమ్మ కార్డొకటి దొరికింది. నలుపు తెలుపులో మూడంతస్తుల మేడ, వెనక బండల కొండ, చూడగానే చంద్రగిరి రాజమహల్ అని తెలిసింది. వెనకవైపు అవ్వకు వాళ్ళన్న రాసిన నాలుగు వరుసలు. తేదీ చెరిగిపోయింది కానీ ఒక మాట నన్ను వదలడం లేదు: "ఈ ఎండల్లో కూడా ఏట్లో చెలమ తీస్తే మూరెడు లోతునే నీళ్ళు." మా ఇంటి బోరు ఏడు వందల అడుగులు, అదీ ఏప్రిల్ వస్తే గాలే. నాకు తెలిసిన స్వర్ణముఖి అంటే బ్రిడ్జి కింద కంపచెట్లు. అప్పుడు ఎట్లా ఉండేవి అన్ని నీళ్ళు?

కోట_వీధి:
ఉండేవమ్మా, ఆ చెలమ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే నేను. మా అమ్మ కొబ్బరిచిప్పతో తోడి, గుడ్డలో వడగట్టి బిందె నింపేది. అప్పుడైనా అది ఏడాది పొడుగునా పారే ఏరు కాదు, వానలకు వచ్చేదే. తేడా అంతా ఇసకలో ఉంది. వాన నీళ్ళను ఎండ తగలకుండా లోపల దాచిపెట్టేది ఆ ఇసకే, పక్కన బావులకూ అక్కణ్ణుంచే ఊట. అది ట్రాక్టర్లలో పోయింది, మా ఊరి దగ్గర ఇప్పుడు తవ్వితే బంకమట్టి తేలుతుంది. ఎగువన కళ్యాణి డ్యామ్ నీళ్ళు తిరుపతికి, కొండకు తాగడానికి పోతున్నాయి, దాన్ని తప్పు అనలేను. ఇసక విషయంలో మాత్రం నా కడుపు మండుతుంది.

శేషాచలం_నడక:
1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాయలు పెనుకొండకు, తర్వాత ఇక్కడికి, చంద్రగిరికి వచ్చారు. 1639లో ఆ ప్రాంతపు నాయకుడు దామెర్ల వెంకటాద్రి ఇంగ్లీషువాళ్ళకు మద్రాసులో కోటకు చోటిచ్చినప్పుడు, ఆయన పైన ఉన్నది చంద్రగిరి రాజే. కొండ అండ ఒక్కటే చూసి రాజధాని పెట్టరు కదా, నీళ్ళూ ఉండాలి. దగ్గర్లోని రాయలచెరువు ఎంత పెద్దదో 2021 నవంబరులో కట్ట లీకై కింది ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు అందరికీ తెలిసింది. ఇంకొకటి, మీ కార్డు బొమ్మలో మేడ వెనక కనబడే కొండల్లోని ఎర్రచందనం దానంతటది మొలిచేది మన తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్, అంటే జీవజాలాన్ని కాపాడే ప్రాంతం, చేశారు. ఆ అడవి పలచబడితే ఏటికి దిగే ఊటా తగ్గుతుంది.

తిరుచానూరు_పిల్ల:
కోట_వీధి అన్నా, మీరు రాసింది అవ్వకు చదివి వినిపించాను. కొబ్బరిచిప్ప అనగానే లేచి కూర్చుంది, వాళ్ళూ దాంతోనే తోడేవాళ్ళంట. చెలమ తీసిన చోటు చింతచెట్టు కిందంట. ఆదివారం ఆటోలో తీసుకొస్తున్నా, చెట్టు ఉందో లేదో మీరే చూపించాలి.