జనరేటర్ బండి కప్లరు: బోల్టులు చాలవా, వెల్డింగ్ కొట్టాల్సిందేనా?

విజయనగరం జనరేటర్:
పైడితల్లి సిరిమానోత్సవం లోపు తేల్చుకోవాలి, అందుకే అడుగుతున్నాను. జాతర్లకీ పెళ్లిళ్లకీ జనరేటర్ని రెండు చక్రాల ట్రైలరు మీద పెట్టి బొలెరో వెనక లాగుతాం. అంతా కలిపి టన్ను బరువు. బొలెరో వెనకున్న 50 మి.మీ. బంతికి తగిలే కప్లరు, ట్రైలరు ముందు పైపుకి రెండు 12 మి.మీ. బోల్టులతో బిగించి ఉంది. మొన్న గజపతినగరం నుంచి వస్తుంటే బ్రేకు వేసినప్పుడల్లా టక్కుమని చప్పుడు. విప్పి చూస్తే పైపులో చిల్లు కోడిగుడ్డులా సాగిపోయింది. మేస్త్రి "బోల్టులెందుకు బాబూ, చుట్టూ వెల్డింగ్ కొట్టేద్దాం" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

చీపురుపల్లి వెల్డింగ్:
మీ మేస్త్రి చెప్పిందే నా మాట కూడా. చెరకు లాగే ట్రాక్టరు తొట్ల రింగులు వెల్డింగ్ మీదే టన్నులు లాగుతున్నాయి కదా. గతుకుల్లో బోల్టు వదులవుతుంది, పైపుకి చిల్లు పొడిస్తే బలం పోతుంది. పైగా ఆ చిల్లులోంచి నీళ్లు దిగి లోపల్నుంచి తుప్పు పడుతుంది.

ఆమదాలవలస ఫిట్టర్:
అన్నా, తొట్టి రింగుతో దీన్ని పోల్చకూడదు. రింగులో కదిలే భాగం లేదు. ఈ కప్లరులో గిన్నె బంతి మీద కూర్చుంటుంది, కింద నుంచి చిన్న దవడ వచ్చి బంతిని పట్టుకుంటుంది, పిడి దించితే స్ప్రింగు దాన్ని కదలనివ్వదు. గిన్నె, దవడ అరిగేవే. అరిగాక విప్పి మార్చుకోవడానికే బోల్టులు పెట్టారు. జింకు పూత ఉన్న దాన్ని వెల్డ్ చేస్తే ఆ పొగకి రాత్రికి జ్వరం వస్తుంది, నాకొచ్చింది. పోత ఇనుముదైతే అతుకు పక్కనే చీలుతుంది.

బోల్టు తెగుతుందన్న భయం వద్దు. తల మీద 8.8 అని బలం గ్రేడు ఉన్న 12 మి.మీ. బోల్టు రెండు గోడల దగ్గరా కలిపి పది టన్నుల కోతకి ఆగుతుంది. పాడయ్యేది పైపు గోడ. కారణం బిగింపు. పైపు గుల్లది, లోపల డిస్టెన్స్ పీసు, అంటే రెండు గోడల మధ్య అడ్డంగా నిలిచే గొట్టం ముక్క, లేకుండా నట్టు బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, పట్టు నిలవదు. పట్టు లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా బోల్టు ముందుకీ వెనక్కీ గుద్దుకుంటుంది. బోల్టు తల చుట్టూ ఎర్రటి పొడి ఉందా చూడండి. ఉంటే అక్కడ ఇనుము ఇనుముని నూరుతోందని అర్థం.

చిల్లు సంగతి కూడా చెప్తాను. బరువుకి పైపు వంగేటప్పుడు ఒత్తిడంతా పై గోడకీ కింద గోడకీ పడుతుంది. పక్క గోడ నడిమికి వేసిన చిల్లు వల్ల పోయే బలం చాలా తక్కువ.

విజయనగరం జనరేటర్:
ఇప్పుడే టార్చి వేసి చూశాను. ఎర్రపొడి ఉంది. లోపల డిస్టెన్స్ పీసు లేదు. పైపు 60 మి.మీ., కప్లరు లోపలి వెడల్పు 63. బోల్టుకి తల దాకా మర పళ్లే ఉన్నాయి.

ఆమదాలవలస ఫిట్టర్:
మూడు తప్పులూ దొరికాయి. మర పళ్లు చిల్లు అంచుని ఆకురాయిలా కోస్తాయి, అందుకే గోడల దగ్గర నున్నటి కాడ ఉండే బోల్టు కావాలి. పక్కకొకటి చొప్పున 1.5 మి.మీ. రేకు పెట్టి సందు పూడ్చండి. లోపల డిస్టెన్స్ పీసు, బయట నైలాక్ నట్టు, అంటే నైలాన్ రింగుతో వదులవకుండా పట్టేది. తయారీదారు లెక్క ఇవ్వకపోతే బిగింపు కొలిచే టార్క్ రెంచి మీద 80 న్యూటన్ మీటర్లు. నట్టు మీంచి కప్లరు మీదకి పెయింటుతో గీత గీయండి, గీత విరిగితే నట్టు తిరిగినట్టే. మొదటి ట్రిప్పు అయ్యాక మళ్లీ రెంచి పట్టండి.

చీపురుపల్లి వెల్డింగ్:
అదంతా సరే తమ్ముడూ, సాగిన చిల్లుని ఏం చేస్తావు? వెల్డింగ్ లేకుండా అది బాగుపడదు.

ఆమదాలవలస ఫిట్టర్:
ఆ పని మాత్రం మీదే అన్నా. పైపు పక్కలకి పట్టీలు వెల్డ్ చేసి, కొత్త చిల్లులు డ్రిల్లుతోనే వెయ్యండి, గ్యాసుతో కాల్చి వెయ్యొద్దు. అప్పుడు వేరే రేకులు లేకుండా ఆ సందు పట్టీలతోనే పూడేలా చూసుకోవచ్చు. కప్లరు ఊడితే బండిని పట్టి ఉంచే రెండు గొలుసుల కొక్కాలు కూడా అప్పుడే పైపుకి వెల్డ్ చెయ్యండి, కప్లరుకి కాదు. కప్లరుకి వేస్తే అది ఊడిన రోజున కొక్కాలూ దానితోనే పోతాయి. గొలుసులు కింద కత్తెరలా తగిలిస్తే ట్రైలరు ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది.

చీపురుపల్లి వెల్డింగ్:
గొలుసు మాట ఒప్పుకుంటున్నాను. కప్లరుకి నేనైతే ఇప్పటికీ వెల్డింగే అంటాను. బాబూ, పైపు విప్పి తీసుకురా, పట్టీలు నేనే వేస్తాను.