పాజిటివిటీ రోజుకోలా ఉంటే జీడిపప్పు యూనిట్ తెరిచేదెప్పుడు?

పలాసలో మాది 40 మంది పనిచేసే జీడిపప్పు యూనిట్. కోవిడ్‌తో మూసి, సగం మందితో రెండు షిఫ్టులుగా తెరిచాం. కటింగ్ దగ్గర ఇబ్బంది లేదు. చిక్కంతా పొట్టు తీసే గదిలోనే: ఫ్యాను వేస్తే పొట్టు ఎగిరి పప్పులో పడుతుంది, కిటికీలు తీస్తే డ్రయర్‌లోంచి వచ్చిన పప్పు చెమ్మ పట్టి పొట్టు ఊడదు. ఆరడుగుల దూరం, మాస్కులు, థర్మామీటర్ అన్నీ పెట్టినా 6వ రోజున ముగ్గురికి పాజిటివ్. లక్షణాలు లేనివాళ్లని థర్మామీటర్ పట్టదు కదా. మళ్లీ మూశాం.

14 రోజులు పాజిటివిటీ (చేసిన టెస్టుల్లో పాజిటివ్ వచ్చినవాటి శాతం) 5 శాతంలోపుంటే తెరవొచ్చని 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా దగ్గర రోజుకి పట్టుమని 20 టెస్టులు ఉండవు. ఒక్క కేసొస్తే 5 దాటేస్తుంది. రోజుకూలీ ఆడవాళ్లను ఇంకా పస్తు పెట్టలేం, జబ్బూ అంటించలేం. తెరిచే రోజు తేల్చడానికి 14 రోజుల టెస్టులన్నీ కలిపి శాతం కట్టాలా, జిల్లా అంకె చూడాలా?