వాగు ఒడ్డున ఎంత వెడల్పున చెట్లు పెట్టాలి?

వాగొడ్డు రైతు:
వికారాబాద్ వైపు వాగుని ఆనుకుని మాకు మూడెకరాలుంది. ఈ నీళ్లు మూసీలో కలిసి హైదరాబాద్ తాగునీటి చెరువు గండిపేటకే పోతాయి. ఒకప్పుడు ఒడ్డంతా కానుగలు, వావిలి పొదలే. రెండు చాళ్లు ఎక్కువొస్తాయని నాన్న అన్నీ కొట్టించి నీళ్ల అంచు దాకా దున్నించారు. ఇప్పుడు పెద్ద వానొస్తే ఒడ్డు విరిగి పడుతోంది. యూరియా వేశాక వాన కొడితే ఎరువంతా వాగు పాలే. ఎండాకాలం మడుగుల్లో పచ్చటి పాచి, గేదెలు మూతి కూడా పెట్టట్లేదు. మళ్లీ చెట్లు పెడదామంటే నీడకి పత్తి పోతుందని మా ఆవిడకి టెన్షన్. ఏం పెట్టాలి, ఎంత వెడల్పు?

పాత వాటర్‌షెడ్ మనిషి:
చెట్ల సంగతి తర్వాత. ముందు జోరు వానలో గొడుగేసుకుని వెళ్లి, పొలం నీళ్లు వాగులోకి ఎలా దిగుతున్నాయో చూడండి. పరుచుకుని దిగితే సరే. ఒకేచోట గండి కొట్టి దూకుతుంటే, ఎన్ని చెట్లున్నా ఆ నీళ్లు వాటి వేళ్లని పలకరించను కూడా పలకరించవు. అక్కడ అడ్డంగా రాళ్లు పేర్చి, పైన వట్టివేరు వరస వేసి నీళ్లని పక్కలకి మళ్లించండి.

అమెరికాలో చెసాపీక్ బే అనే సముద్రపు పాయ పాడవకుండా రైతుల చేత పెట్టించే చెట్ల పట్టీకి కనీసం 35 అడుగులంటారు, 100 అయితే మేలట. మూడెకరాల్లో 100 అడుగులు వదలమంటే మీ ఆవిడ నన్ను తంతుంది! 35 చాలు. అంచున ఏరుమద్ది, నేరేడు. వెనక కానుగ, వావిలి. పొలం వైపు దట్టంగా గడ్డి. ఆ గడ్డే అసలు పనిమంతురాలు. డీఏపీ ఎరువులోని భాస్వరం ఎక్కువగా మట్టిని అంటుకునే కొట్టుకుపోతుంది, మట్టి ఆగితే అదీ ఆగుతుంది. యూరియా అలా కాదు, నైట్రేట్‌గా మారి నేల లోపల్నుంచి వాగులోకి ఊరుతుంది. దాన్ని కొంత వేళ్లు పీల్చుకుంటాయి, కొంత తడిమట్టిలోని బాక్టీరియా వాయువుగా మార్చేస్తాయి. జామాయిల్ మాత్రం వద్దు.

మేకలోళ్ల పిలగాడు:
అన్నా, మొదటి ఎండాకాలమే మేకలు మొక్కల్ని మిగలనియ్యవు, మావే చెప్తున్నా. వావిలి జోలికి పెద్దగా రావు. ముందు దాని కొమ్మలు దగ్గరదగ్గరగా గుచ్చి కంచె లేపు. పశువులు నీళ్లకి దిగేందుకు రాళ్లు పరిచి ఒక్కటే బాట వదులు.

సిటీ కుళాయి:
మీ మూడెకరాలతో గండిపేట బాగుపడుద్దా? 1996లో 111 జీవో ఇచ్చి గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా పరిశ్రమలు, కాలనీలు వద్దన్నారు. 2022లో దాన్నీ సడలించారు. పైపుల్లో వచ్చే మురుగునీ చెట్లే ఆపుతాయా?

పాత వాటర్‌షెడ్ మనిషి:
ఆపవు. దానికి శుద్ధి ప్లాంటే దారి. ఈయన అడిగింది పొలం మట్టి, ఎరువు సంగతి. ఇంతకీ వాగు మీకు ఎటు పక్క?

వాగొడ్డు రైతు:
ఉత్తరాన.

పాత వాటర్‌షెడ్ మనిషి:
ఇంకేం! పత్తికాయ పగిలే రోజులకి సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు, నీడ వాగు మీదే పడుతుంది. నీళ్లకి ఎండ తగ్గితే పాచీ తగ్గుతుంది. ఇంట్లో చూపించండి ఈ మెసేజ్.