ఒకే ఆరోపణపై క్రిమినల్ కేసు, శాఖాపరమైన విచారణ: రెండూ ఏకకాలంలో సాగవచ్చా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. నా సహోద్యోగి ఒకరు లంచం తీసుకుంటూ అవినీతి నిరోధక శాఖకు పట్టుబడ్డారన్న ఆరోపణపై సస్పెన్షన్‌లో ఉన్నారు. ప్రత్యేక కోర్టులో ఛార్జిషీటు దాఖలైంది గానీ సాక్షుల విచారణ ఇంకా మొదలు కాలేదు. ఈలోగా శాఖ కూడా అదే సంఘటనపై అభియోగాల మెమో ఇచ్చి, గడువులోగా లిఖితపూర్వక వివరణ సమర్పించమని ఆదేశించింది. వివరణ ఇస్తే కోర్టులో చెప్పుకోవలసిన వాదన ముందే బయటపడుతుందని ఆయన భయం. ఇవ్వకపోతే విచారణను ఏకపక్షంగా ముగించి ఉద్యోగం నుంచి తొలగిస్తారేమోనన్నది మరో భయం. ఒకే ఆరోపణపై రెండు చోట్ల విచారించడాన్ని రాజ్యాంగం ఒప్పుకుంటుందా? రేపు కోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేస్తే శాఖ విధించిన శిక్ష దానంతటదే రద్దవుతుందా? తెలిసినవారు వివరించగలరని మనవి.

సమాధానం 1:

రాజ్యాంగంలోని 20(2) అధికరణం నిషేధించేది ఒకే నేరానికి రెండుసార్లు ప్రాసిక్యూట్ చేసి శిక్షించడాన్ని మాత్రమే. శాఖాపరమైన విచారణ ప్రాసిక్యూషన్ కిందికి రాదని సుప్రీంకోర్టు 1954లోనే వెంకటరామన్ కేసులో తేల్చింది. నేరం జరిగిందా అన్నది కోర్టు చూస్తుంది. ఈ ఉద్యోగి సర్వీసులో కొనసాగదగినవాడా అన్నది శాఖ చూస్తుంది. అందుకే కోర్టులో సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కావలసిన విషయం, శాఖ ముందు సాక్ష్యాల మొగ్గు ఎటు ఉందో తేలితే చాలు.

అయితే రెండూ సాగవచ్చు అన్నంత మాత్రాన ప్రతి కేసులోనూ సాగాలని కాదు. ఆరోపణ తీవ్రమైనదై, చట్టపరంగానూ వాస్తవాలపరంగానూ చిక్కుముడులున్నదై, రెండు చోట్లా సాక్ష్యం ఒకటే అయినప్పుడు, క్రిమినల్ కేసు ముగిసేదాకా శాఖ ఆగడం మంచిదని 1999లో భారత్ గోల్డ్ మైన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులో కేసు అనవసరంగా సాగుతుంటే మాత్రం శాఖ తన విచారణను మళ్లీ చేపట్టవచ్చని కూడా అదే తీర్పు అంటుంది. అంతకుముందు, 1996లో, ఏపీఎస్ఆర్టీసీ బస్సు ప్రమాదం కేసులో డ్రైవరుపై శాఖాపరమైన విచారణను ఆపవలసిన అవసరం లేదన్నది. మీ సహోద్యోగి విషయంలో ఫిర్యాదుదారు, మధ్యవర్తులు (పట్టుకునేటప్పుడు సాక్షులుగా ఉంచినవారు), ట్రాప్ అధికారి (లంచం తీసుకుంటుండగా వల పన్ని పట్టుకున్న అధికారి) రెండు చోట్లా ఒకరే అయివుంటారు గనుక, ఆ సంగతి ఆధారంగా హైకోర్టులో స్టే అడగవచ్చు. స్టే హక్కుగా దొరికేది కాదు, అది కోర్టు విచక్షణ.

సమాధానం 2:

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, మౌనం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగులు ఎక్కువగా నష్టపోయేది అక్కడే. తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పేలా నిందితుణ్ణి బలవంతపెట్టరాదని 20(3) అధికరణం అంటుంది. వివరణ ఇవ్వమనడం చట్టం దృష్టిలో బలవంతం కాకపోవచ్చు, కానీ ఇవ్వకపోతే జీవనోపాధి పోతుందన్న భయం చిన్నదేమీ కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1967లో గారిటీ కేసులో, ఉద్యోగం తీసేస్తామన్న బెదిరింపుతో పోలీసుల నుంచి రాబట్టిన వాంగ్మూలాలను వారిపై క్రిమినల్ కేసులో వాడరాదని స్పష్టం చేసింది. మన సర్వీసు నిబంధనల్లోనూ అలాంటి రక్షణ చేర్చడం న్యాయమని నా అభిప్రాయం.

అంతవరకు ఆచరణలో చేయదగినది ఒకటుంది. అభియోగాలను క్లుప్తంగా నిరాకరించి, మధ్యవర్తుల నివేదికతో సహా శాఖ ఆధారపడుతున్న పత్రాలన్నిటి నకళ్లూ అడగాలి. కోర్టు కేసు పెండింగులో ఉంది గనుక సవివరమైన వాదనను తర్వాత వినిపించే హక్కును అట్టిపెట్టుకుంటున్నామని రాతపూర్వకంగానే తెలపాలి. విచారణకు గైర్హాజరు కావడం పొరపాటు. విచారణాధికారి ముందు సాక్షులు చెప్పినదానికీ కోర్టులో చెప్పినదానికీ పొంతన కుదరకపోతే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తేడాను ఎత్తి చూపే అవకాశం దక్కుతుంది.

సమాధానం 3:

నిర్దోషిగా విడుదలైతే శిక్ష దానంతటదే రద్దు కాదు. తీర్పులోని కారణాలు చదవాలి. భారత్ గోల్డ్ మైన్స్ కేసులో పోలీసులు ఉద్యోగి ఇంటిపై దాడి చేసి బంగారం పట్టుకున్నామన్నారు. ఆ దాడే రుజువు కాలేదని క్రిమినల్ కోర్టు తేల్చింది గనుక, అదే సాక్షుల మాటతో తొలగించడం అన్యాయమని సుప్రీంకోర్టు ఆయనను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నది. పైగా సస్పెన్షన్ కాలంలో ఆయనకు జీవనభృతి చెల్లించలేదు, విచారణకు ప్రయాణం చేసి వచ్చేందుకు చేతిలో డబ్బు లేదు. ఇందుకు భిన్నంగా 2012లో సముతిరం కేసులో, సాక్షులు ఎదురు తిరగడం వల్ల దక్కిన విడుదల గౌరవప్రదమైన విడుదల కాదంటూ పోలీసు ఉద్యోగి తొలగింపును సమర్థించింది.

ట్రాప్ కేసుల్లో ఈ తేడా మరింత ముఖ్యం. ఫినాఫ్తలీన్ పొడి పూసిన నోట్లు తాకిన వేళ్లను సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే అది గులాబీ రంగులోకి మారుతుంది, కానీ అది చెప్పేది నోట్లు చేతికి తగిలాయని మాత్రమే. లంచం అడిగారన్నది విడిగా రుజువు కావాలి. ఫిర్యాదుదారు ఎదురు తిరిగినా ఇతర సాక్ష్యంతో, పరిస్థితుల ఆధారంగా దాన్ని నిరూపించవచ్చని 2022లో రాజ్యాంగ ధర్మాసనం నీరజ్ దత్తా కేసులో చెప్పింది. కాబట్టి ఫిర్యాదుదారు మాట మార్చినందువల్ల కేసు వీగిపోయిందా, లంచం అడగనే లేదని కోర్టు నిర్ధారించిందా అన్నదానిపైనే శాఖ ముందు మీ సహోద్యోగి వాదన నిలుస్తుంది.

ఇప్పుడే చూసుకోవలసినవి: జీవనభృతి నెలనెలా అందుతోందా, సస్పెన్షన్ పొడిగింపునకు కారణాలతో కూడిన ఉత్తర్వు ఉందా (2015లో అజయ్ కుమార్ చౌదరి కేసు ఈ విషయంలో ఉపయోగపడుతుంది). విచారణ ముగిశాక నివేదిక నకలు ఇవ్వకుండా శిక్ష విధించబోతే, 1993 నాటి ఈసీఐఎల్ తీర్పును ఉటంకిస్తూ వెంటనే లేఖ రాయమనండి.